టమాటా, పాలకూర మానేస్తే కిడ్నీలో రాళ్లు రాకుండా ఉంటాయా?

నేను పప్పులో టమాటా ముక్క కనపడితే ఏరి పక్కన పెట్టే రకం. అయినా నాకు 7 ఎంఎం రాయి వచ్చింది. అందుకే అడిగినవారికి నేను చెప్పేది, టమాటా సంగతి తర్వాత, ముందు రోజుకు ఎన్నిసార్లు బాత్రూంకి వెళ్తున్నారో లెక్కపెట్టుకోండి.

ఒంగోలులో ఓ బట్టల షాపులో పట్టుచీరల దగ్గర పదకొండేళ్లుగా చేస్తున్నాను. నలభై దగ్గరపడ్డా ఇంకా సేల్స్ గర్లే. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడటం. స్టాఫ్ బాత్రూం మూడో అంతస్తులో గోడౌను వెనకాల, తాళంచెవి సూపర్‌వైజర్ గారి దగ్గర. అందరి ముందూ అడగలేక మేం ఆడవాళ్లం అసలు నీళ్లు తాగడమే తగ్గించేశాం. మధ్యాహ్నం అన్నంలో ఒక గ్లాసు, అంతే. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే హక్కు ఇచ్చారట. మాకు స్టూలు సంగతి దేవుడెరుగు, తాళంచెవికే దిక్కులేదు.

వరలక్ష్మీ వ్రతం ముందురోజు ఓ పెద్దావిడకి వరసగా చీరలు విప్పి చూపిస్తున్నా. కుడి డొక్కలో ఎవరో కత్తి దింపి తిప్పినట్టయింది. నొప్పి నడుములోంచి గజ్జల్లోకి దిగింది. విప్పిన చీరల మీదే కూలబడ్డాను. "అంచు నలుగుతుందమ్మా" అంది ఆవిడ. గ్యాసేమోనని ఒకరు సోడా తాగించారు, వాంతి అయిపోయింది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు నన్ను ముట్టుకోకముందే రాయన్నాడు. "అపెండిక్స్ అయితే కదలకుండా పడుకుంటారు, మీరు మంచం మీద నిలవట్లేదు" అన్నాడు. నొప్పికి ఇంజెక్షన్ చేశాక మూత్రం పరీక్ష చేస్తే రక్తకణాలు కనపడ్డాయి. అల్ట్రాసౌండ్‌కి కడుపునిండా నీళ్లు తాగి, మూత్రం ఆపుకుని రమ్మన్నారు. ఆపుకోవడంలో మనకి పదకొండేళ్ల అనుభవం కదా! తీరా అందులో కిడ్నీ కొంచెం ఉబ్బినట్టు తెలిసింది గానీ రాయి దొరకలేదు. మూత్రనాళంలోకి, అంటే కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే గొట్టంలోకి జారిన రాయి అల్ట్రాసౌండ్‌కి చాలాసార్లు చిక్కదట. సీటీ తీస్తే కింది భాగంలో ఇరుక్కుని కనపడింది.

5 ఎంఎం లోపయితే చాలావరకు దానంతట అదే పడిపోతుందని, 7 అంటే చెప్పలేమని, మూడు వారాలు చూద్దామని ట్యాంసులోసిన్ రాశారు. మందుల షాపు కుర్రాడు చీటీ చూసి "మీ నాన్నగారికా అక్కా?" అన్నాడు. అది పెద్దవయసు మగవాళ్లకి ప్రోస్టేటు గ్రంథి వాపుకిచ్చే మాత్రట! మూత్రనాళం కండరాలు వదులవుతాయని దీనికీ ఇస్తారు. రాయి పడితే పరీక్షకి పంపాలి, జల్లెడ పట్టమన్నారు. మా అత్తయ్య టీ వడగట్టేది తీసుకెళ్లి బాత్రూంలో పెట్టుకున్నాను. ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ మూడు వారాల్లో అందరూ డాక్టర్లే. ఒకరు కొండపిండి ఆకు, ఒకరు ఉలవకట్టు, మా మరిది బీరు. ఉలవకట్టు మాత్రం రెండు పూటలా తాగాను, రుచికి. రాయి కదల్లేదు. ఆఖరికి కింది నుంచే సన్నటి గొట్టం పంపి లేజరుతో పగలగొట్టారు. కోత లేదు, మర్నాడే ఇంటికి పంపారు. కానీ లోపల స్టెంటు (మూత్రం ఆగకుండా దిగడానికి మూత్రనాళంలో ఉంచే సన్నటి గొట్టం) పెట్టారు చూడండి, రెండు వారాలు నరకం. పది నిమిషాలకోసారి వెళ్లాలనిపిస్తుంది, వెళ్తే మంట. ఆపరేషన్ గురించి అరగంట చెప్పినవాళ్లు దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. తీయించుకోవడం మరిచిపోయేవాళ్లూ ఉంటారట, దానిమీదా రాళ్లు పేరుకుంటాయి. మీకు పెడితే తీసే తేదీ క్యాలెండరులో రాసుకోండి. రాయి నొప్పితోపాటు చలిజ్వరం వస్తే మాత్రం ఉలవకట్టూ వద్దు, తెల్లారేదాకా ఆగడమూ వద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి పొండి.

నా రాయి కాల్షియం ఆక్సలేట్ అని తేలింది, ఎక్కువమందికి ఇదే. ఆక్సలేట్ అంటే పాలకూరలాంటి వాటిలో ఎక్కువగా ఉండే పదార్థం. పేరులో కాల్షియం ఉందని పాలూ పెరుగూ మానబోతే డాక్టరు కోప్పడ్డారు. అందులోని కాల్షియమే పేగుల్లో ఆక్సలేట్‌ని పట్టేసి బయటికి పంపుతుందట. పాలకూర తగ్గించమన్నారు, టమాటా ఊసే ఎత్తలేదు. ఉప్పు తగ్గించాలి (మా ఇంట్లో ఆవకాయ లేని పూట లేదు, అది వేరే కథ), రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. అంటే మూడు లీటర్లకు తక్కువ కాకుండా తాగాలి.

మూడు లీటర్లు తాగితే తాళంచెవి ఎన్నిసార్లు అడగాలి? తిరిగి పనిలో చేరాక రెండుసార్లు గొడవైంది. మూడోసారి, ల్యాబుకి పంపగా మిగిలిన ముక్కల సీసా తీసుకెళ్లి సూపర్‌వైజర్ గారి బల్లమీద పెట్టాను. ఆయన పైకెత్తి వెలుతురులో చూసి, "ఏ చీరవమ్మా ఇవి? స్టోన్ వర్క్ అప్పుడే ఊడిపోతోందా?" అన్నారు.