దొరికిన కూలింగ్ గ్లాసెస్ మనమే ఉంచేసుకోవచ్చా?

వెంటనే ఉంచేసుకోకూడదు, ముందు పోగొట్టుకున్నవాళ్ల కోసం వెతకాలి. వస్తువు ఎక్కడో జారిపోయినంత మాత్రాన దాని మీద హక్కు పోదు. మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, దొరికిన వస్తువును తీసుకున్నవాళ్లు దానికి కాపలాదారు మాత్రమే.

పార్కు బెంచీ మీద కూలింగ్ గ్లాసెస్ డబ్బాతో సహా దొరికాయనుకోండి. చాలా డబ్బాల మూత మీద కళ్లజోళ్ల షాపు పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. పవర్ అద్దాలైతే ఎవరివో షాపువాళ్లు చెప్పే అవకాశం ఎక్కువ. ఆ ఒక్క ఫోన్ కూడా చేయకుండా వాడేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరం కావచ్చు. (ఫుట్‌పాత్ మీద వంద రూపాయలకు అమ్మే రకానికి ఎవరూ కేసుదాకా వెళ్లరనుకోండి, అది వేరే సంగతి.)

‘దొరికినవాడిదే వస్తువు’ అన్నది పిల్లల ఆటల్లో రూలు. అలాగని ముట్టుకుంటేనే దొంగతనమనే టెన్షన్ అక్కర్లేదు. తిరిగి ఇచ్చేద్దామని తీసి దాచడం నేరం కాదని అదే సెక్షన్ చెబుతోంది.