ఐర్లాండ్ వీసాతో లిస్బన్ వెళ్లిరావచ్చా?

సందేహం: మా అమ్మాయి, అల్లుడు డబ్లిన్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ల దగ్గర రెండు నెలలు ఉండేందుకు నాకూ, మా ఆవిడకూ ఐర్లాండ్ వీసా వచ్చింది. ప్రయాణానికి ఇంకా పది వారాలుంది. అక్కడున్నప్పుడు నలుగురం కలిసి పోర్చుగల్ రాజధాని లిస్బన్ వెళ్లి, మూడు రాత్రులుండి రావాలనుకున్నాం. ఐర్లాండ్, పోర్చుగల్ రెండూ యూరోపియన్ యూనియన్‌లోవే కాబట్టి వేరే వీసా అక్కర్లేదని ఇక్కడి ట్రావెల్ ఏజెంట్ వాట్సాప్‌లో చెప్పాడు. నలుగురికీ డబ్లిన్-లిస్బన్ టికెట్లు, హోటల్ కలిపి లక్షా పది వేలు కట్టించుకున్నాడు. మా మేనల్లుడు మ్యూనిక్ నుంచి వీసా లేకుండానే లిస్బన్ వెళ్లొచ్చాడు కాబట్టి మేమూ నమ్మాం. ఇప్పుడేమో అలా కుదరదని తెలిసినవాళ్లు అంటున్నారు. ఏజెంట్‌ని అడిగితే 'నాన్ రిఫండబుల్' అంటున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక విశ్రాంత ఉద్యోగి, విశాఖపట్నం

సలహా: మీ తెలిసినవాళ్లు చెప్పిందే నిజం. ఐర్లాండ్ వీసాతో లిస్బన్‌లో దిగడానికి వీల్లేదు. ఐర్లాండ్ యూరోపియన్ యూనియన్ సభ్యదేశమే కానీ, షెంగెన్ ఒప్పందంలో లేదు. పోర్చుగల్ ఉంది. ఒకే వీసాతో ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్లే సదుపాయం షెంగెన్ దేశాల మధ్య ఉన్నదే తప్ప, యూనియన్ సభ్యత్వం వల్ల వచ్చేది కాదు. మీ మేనల్లుడి దగ్గర ఉన్నది జర్మనీ నివాస కార్డు అయి ఉంటుంది. జర్మనీ షెంగెన్‌లో ఉంది కాబట్టి ఆ కార్డుతో అతను పోర్చుగల్‌లో కొద్దిరోజులు తిరిగి రావచ్చు. డబ్లిన్‌లో ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు.

వీసా లేకుండా డబ్లిన్ విమానాశ్రయానికి వెళ్తే కథ అక్కడే ఆగిపోతుంది. సరైన పత్రాలు లేనివాళ్లను తీసుకెళ్తే విమాన సంస్థకే వేల యూరోల జరిమానా పడుతుంది. అందుకే కౌంటర్లోనే ఆపేస్తారు. పత్రాలు సరిగా లేక ఆపితే నష్టపరిహారం రాదు, టికెట్ డబ్బు కూడా సాధారణంగా వెనక్కి రాదు. 'ఎలాగోలా వెళ్లి చూద్దాం' అనే ఆలోచన ఉంటే మానుకోండి.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది, దాన్ని మీరు అడగలేదు. పాస్‌పోర్ట్ తీసి ఐర్లాండ్ వీసా స్టిక్కర్ మీద ఎన్ని ప్రవేశాలకు ఇచ్చారో చూడండి. 'సింగిల్' అని ఉంటే, డబ్లిన్ నుంచి లిస్బన్‌కు బయల్దేరిన క్షణంతో ఆ వీసా పని అయిపోయినట్టే. స్టిక్కర్ మీద ఇంకా గడువున్నా సరే, లిస్బన్ నుంచి తిరిగి డబ్లిన్‌లోకి రానివ్వరు. షెంగెన్ వీసా కష్టపడి తెచ్చుకుని, సామాన్లన్నీ డబ్లిన్‌లో వదిలి, లిస్బన్‌లో ఇరుక్కుపోయే పరిస్థితి ఇది. 'మల్టీ' అని ఉంటే ఈ టెన్షన్ లేదు.

సింగిల్ అయితే దారి లేకపోలేదు. లిస్బన్‌ను మధ్యలో కాకుండా చివర్లో పెట్టుకోండి. డబ్లిన్‌లో ఉండాల్సినన్ని రోజులు ఉండి, పెట్టేబేడా సర్దుకుని లిస్బన్ వెళ్లి, అక్కణ్నుంచే ఇంటికి బయల్దేరండి. దుబాయ్ మీదుగా లిస్బన్-హైదరాబాద్ కనెక్షన్ దొరుకుతుంది. లేదా లిస్బన్ ముందు చూసి ఆ తర్వాత డబ్లిన్ వెళ్లండి. అప్పుడు ఐర్లాండ్‌లోకి అడుగుపెట్టే రోజు వీసాలో రాసిన గడువు లోపల ఉండేలా చూసుకుంటే చాలు. తిరుగు టికెట్ మార్చడానికి కొంత ఖర్చవుతుంది. అయినా ఐర్లాండ్ వీసా కోసం మళ్లీ మొదటినుంచి దరఖాస్తు చేసి ఎదురుచూడటం కంటే నాకిదే నయమనిపిస్తుంది.

ఇక షెంగెన్ వీసా. ఇండియాలో ఉండగానే దరఖాస్తు చేయండి. డబ్లిన్ వెళ్లాక చేద్దామనుకోవద్దు. యూరోపియన్ వీసా నిబంధనల ప్రకారం, మీరు నివాసం ఉంటున్న దేశంలోనే దరఖాస్తు పెట్టాలి. టూరిస్టుగా వెళ్లిన దేశంలో పెట్టాలంటే, సొంత దేశంలో ఎందుకు పెట్టలేకపోయారో సరైన కారణం చూపించాలి. 'అప్పుడు తోచలేదు' అంటే కారణం కింద లెక్కలోకి రాదు. పోర్చుగల్ దరఖాస్తులను మన దేశంలో రాయబార కార్యాలయం తరఫున వీఎఫ్‌ఎస్ అనే ప్రైవేటు సంస్థ కేంద్రాలు తీసుకుంటాయి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇచ్చి తీరాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 రోజుల వరకు తీసుకుంటారు. పెద్దలకు ఫీజు 90 యూరోలు, వీఎఫ్‌ఎస్ సర్వీస్ చార్జీ వేరు. మీకు పది వారాలుంది కాబట్టి సమయం సరిపోతుంది, కానీ అపాయింట్‌మెంట్ ఈ వారమే తీసుకోండి. పాస్‌పోర్ట్ వాళ్ల దగ్గర ఉండిపోతుందని మరిచిపోవద్దు. 45 రోజులు పట్టినా మీ డబ్లిన్ విమానానికి అందేలా లెక్క వేసుకోండి.

మీ ఏజెంట్ ఈసారి ఇంకో సలహా ఇవ్వొచ్చు: 'పోర్చుగల్ స్లాట్లు లేవు సార్, వేరే దేశం వీసా తీసి లిస్బన్ వెళ్లిపోండి.' ఒప్పుకోకండి. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలన్నది నియమం. మీరు వెళ్లేది పోర్చుగల్ ఒక్కదానికే. వెళ్లే ఉద్దేశం లేని దేశానికి డమ్మీ హోటల్ బుకింగ్ చూపించి వీసా తెచ్చుకుంటే, సరిహద్దులో అడిగినప్పుడు దాన్ని రద్దు చేసే అధికారం వాళ్లకుంది. ఆ రద్దు మీ రికార్డులో ఉండిపోతుంది.

దరఖాస్తులో ఏమీ దాచొద్దు. 'మా అమ్మాయిని చూడటానికి డబ్లిన్ వెళ్తున్నాం, అక్కణ్నుంచి లిస్బన్‌లో మూడు రాత్రులు ఉంటాం' అని కవరింగ్ లెటర్‌లో సూటిగా రాయండి. ఐర్లాండ్ వీసా కాపీ, పెన్షన్ పత్రాలు, బ్యాంకు స్టేట్‌మెంట్, అమ్మాయి ఖర్చు పెట్టుకుంటే ఆమె ఉత్తరం జతచేయండి. ఇన్సూరెన్స్ దగ్గర జాగ్రత్త. ఐర్లాండ్ కోసం తీసుకున్న పాలసీ ఇక్కడ పనికి రాకపోవచ్చు. షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించేలా, కనీసం 30,000 యూరోల కవరేజీతో ఉండాలి. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకు పాలసీలో ఏం రాశారో కూడా చదవండి. లిస్బన్ ఏడు కొండల ఊరంటారు. అల్ఫామా అనే పాత పేట వైపు వీధులన్నీ ఎగుడు దిగుడు మెట్లు, కాళ్ల కింద నున్నగా అరిగిన రాళ్లు. వాన పడితే జారతాయి. వీసా ఆఫీసర్ అడిగాడని కాకుండా, మీ మోకాళ్ల కోసమైనా పాలసీ బాగా చూసి తీసుకోండి. ఆ ఎత్తులు ఎక్కించే గ్లోరియా అనే పాత కేబుల్ ట్రామ్ 2025 సెప్టెంబర్ 3న పట్టాలు తప్పి 16 మంది చనిపోయారు. అలాంటి ట్రామ్‌లలో ఏవి నడుస్తున్నాయో వెళ్లేముందు కనుక్కుని దానికి తగ్గట్టు హోటల్ చూసుకోండి.

మీ అమ్మాయి సంగతి. ఆమెది భారత పాస్‌పోర్టే అయితే ఐర్లాండ్ నివాస కార్డు ఉన్నా షెంగెన్ వీసా కావాల్సిందే. ఆమె అక్కడి నివాసి కాబట్టి దరఖాస్తు ఐర్లాండ్‌లోనే చేసుకోవచ్చు. అల్లుడు గారి పౌరసత్వం గురించి మీరు రాయలేదు. ఆయన ఐరిష్ పౌరుడైతే ఆయనకు వీసా అక్కర్లేదు. ఆయనతో కలిసి ప్రయాణించే భార్యగా మీ అమ్మాయికి ఫీజు లేకుండా, త్వరగా వీసా ఇవ్వాలి. ఆ సౌకర్యం అత్తమామలకు వర్తించాలంటే వాళ్లు ఆ దంపతుల మీదే ఆర్థికంగా ఆధారపడి ఉండాలి. పెన్షన్ వచ్చే మీరు ఆ మాట నిరూపించడం కష్టం. మామూలు దారిలోనే వెళ్లండి.

ఒకవేళ వీసా నిరాకరిస్తే కారణాలతో లిఖితపూర్వకంగా ఇస్తారు. అప్పీలు ఎక్కడ, ఎన్ని రోజుల్లో చేసుకోవాలో అందులోనే ఉంటుంది. లోపం సరిచేసుకుని కొత్తగా దరఖాస్తు చేయడమే చాలామందికి త్వరగా తేలే మార్గం. ఆ నిరాకరణ వల్ల మీ ఐర్లాండ్ వీసా దానంతటది పోదు. కానీ ముందుముందు ఏ దేశం వీసా ఫారంలో అడిగినా నిజమే చెప్పాలి.

ఇప్పుడు లక్షా పది వేల సంగతి. వీసా అక్కర్లేదని తప్పు సమాచారం చెప్పి డబ్బు కట్టించుకోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవా లోపం కిందికి వస్తుందని వాదించడానికి మీకు బలమైన ఆధారం ఉంది. బిల్లు వెనకాల 'వీసా బాధ్యత ప్రయాణికులదే' అని ఉందని ఏజెంట్ అంటాడు, చూస్తూ ఉండండి. వీసా గురించి ఏమీ చెప్పకపోవడం వేరు, అడిగినప్పుడు అక్కర్లేదని చెప్పడం వేరు. అందుకే ఆ వాట్సాప్ సంభాషణే మీ కేసుకు ప్రాణం. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టుకోకండి. ఫోన్ మార్చొద్దు, చాట్ డిలీట్ చేయొద్దు. కేసు దాకా వెళ్తే, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌తో దాన్ని దాఖలు చేయాల్సి ఉంటుంది.

ముందు ఏజెంట్‌ని లిఖితపూర్వకంగా లెక్క అడగండి: టికెట్లకు ఎంత, హోటల్‌కు ఎంత, తన కమీషన్ ఎంత. హోటల్ బుకింగ్ నంబర్ తీసుకుని నేరుగా హోటల్‌కే మెయిల్ పెట్టండి. ఉచితంగా రద్దు చేసుకునే గడువు హోటల్ ఇచ్చినా, మధ్యలోవాళ్లు 'నాన్ రిఫండబుల్' అని చెప్పిన కేసులు నేను చూశాను. టికెట్ల విషయంలో, ఐర్లాండ్‌లో ఆన్‌లైన్ కొనుగోళ్లకు 14 రోజుల్లో వెనక్కి ఇచ్చే హక్కు ఉంది కదా అని మీ అమ్మాయి అనొచ్చు. తేదీ ఖరారైన విమానం టికెట్లకు, హోటల్ గదులకు ఆ హక్కు వర్తించదు.

ఏజెంట్ దారికి రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, తర్వాత లీగల్ నోటీసు ఇవ్వండి. ఆపైన విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, ఏజెంట్ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే. ఐదు లక్షల లోపు చెల్లింపులకు కోర్టు ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. అయితే ఒక మాట. మీకు వీసా వచ్చి ఆ టికెట్లతోనే లిస్బన్ వెళ్లొస్తే, పూర్తి రీఫండ్ అడగడానికి ఉండదు. తేదీలు మార్చినందుకు అయిన అదనపు ఖర్చు లాంటివే మిగులుతాయి. నా ఉద్దేశంలో మొదట వీసాకు ప్రయత్నించండి, నోటీసు మాత్రం ఇప్పుడే ఇచ్చి పెట్టుకోండి. మానసిక వేదనకు పది లక్షలు అంటూ రాయించకండి. అలాంటి అంకెలు చూస్తే అసలు కోరిక కూడా తేలికైపోతుంది.

అన్నీ సర్దుకుని బయల్దేరాక పనికొచ్చే హక్కులు కొన్ని ఉన్నాయి. డబ్లిన్-లిస్బన్ విమానం విమాన సంస్థ కారణంగా మూడు గంటలు, అంతకు మించి ఆలస్యంగా చేరినా, 14 రోజుల కంటే తక్కువ గడువులో చెప్పి రద్దు చేసినా యూరోపియన్ నిబంధన 261/2004 కింద పరిహారం అడగొచ్చు. ఈ రెండు ఊళ్ల మధ్య దూరం 1,500 కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి అది మనిషికి 400 యూరోలు. ప్రయాణికులది ఏ పాస్‌పోర్ట్ అన్నది చూడరు. తుపాను, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల సమ్మె లాంటివైతే ఈ సొమ్ము రాదు, కానీ భోజనం, అవసరమైతే హోటల్ బస ఇవ్వాల్సిందే. సంస్థ సొంత సిబ్బంది చేసిన సమ్మెను యూరోపియన్ కోర్టు సాకుగా ఒప్పుకోలేదు.

లిస్బన్‌లో దిగగానే వేలిముద్రలు, ఫొటో తీసుకుంటే కంగారు పడకండి. 2025 అక్టోబర్ నుంచి షెంగెన్ సరిహద్దుల్లో మొదలైన కొత్త నమోదు పద్ధతి అది. హోటల్‌లో మనిషికి రాత్రికి 4 యూరోల నగర పన్ను వేరుగా అడుగుతారు. అది న్యాయమైనదే, మీ నలుగురికీ మూడు రాత్రులకు 48 యూరోలు. పాస్‌పోర్ట్ వివరాలు అడిగేదీ చట్టం ప్రకారమే, విదేశీ అతిథుల సమాచారం వాళ్లు ప్రభుత్వానికి పంపాలి. వివరాలు రాసుకోనివ్వండి, పాస్‌పోర్ట్ మాత్రం వాళ్ల దగ్గర ఉంచొద్దు. రెస్టారెంట్‌లో కూర్చోగానే అడక్కుండా బ్రెడ్, ఆలివ్‌లు, చీజ్ తెచ్చి పెడతారు. ఉచితమనుకుని తింటే బిల్లులో ఉంటుంది. మీరు అడగకుండా తెచ్చి పెట్టి, మీరు ముట్టుకోనిదానికి డబ్బు వేయకూడదని అక్కడి చట్టమే చెబుతోంది. వేస్తే 'లివ్రో ద రెక్లమసోయిష్' ఇమ్మనండి. ప్రతి దుకాణం, హోటల్ తప్పనిసరిగా ఉంచాల్సిన ఫిర్యాదుల పుస్తకం అది. పేరు ఎత్తగానే బిల్లు సరిచేసే వాళ్లే ఎక్కువ.

28వ నంబర్ ట్రామ్ ఎక్కినప్పుడు పాస్‌పోర్ట్ లోపలి జేబులో ఉంచుకోండి. ఆ ట్రామ్ జేబుదొంగలకు పేరుమోసింది. పోతే రెండు వీసాలూ దాంతోపాటే పోతాయి. పోలీసు ఫిర్యాదు చేసి లిస్బన్‌లోని భారత రాయబార కార్యాలయానికి వెళ్తే అత్యవసరంగా ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకు తిరిగి రావడానికి మాత్రమే పనికొస్తుంది, దాంతో డబ్లిన్ వెళ్లలేరు. పాస్‌పోర్ట్, వీసాల స్కాన్ కాపీలు మీ ఫోన్‌లోనూ, అమ్మాయి మెయిల్‌లోనూ ఉంచండి. రోజూ వేసుకోవాల్సిన మందులు మాత్రం డబ్లిన్‌లో వదలకుండా మీ చేతి బ్యాగులోనే పెట్టుకోండి.