అమ్మలూ, జపాన్ బయల్దేరే ముందు ఇది చదువు

చి. అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

ఉద్యోగానికి సెలవు పెట్టి జపాన్ వెళ్తున్నావనీ, ఎప్పుడో మూతపడ్డ వీడియో గేమ్ కంపెనీల్లో ఎవరెవరు పనిచేశారో ఆరా తీస్తావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పి ఒకటే గోల. పైకి ఆవిడకి వంత పాడాను గానీ, లోపల గర్వంగానే ఉంది.

పాత పత్రికలకి నేషనల్ డైట్ లైబ్రరీ, అంటే వాళ్ల పార్లమెంటు లైబ్రరీ, ఉంది. పేర్లు కంజీలోనే, అంటే చైనా నుంచి వచ్చిన ఆ అక్షరాల్లోనే, రాసుకో. ఇవి నీకు తెలిసినవే.

ఆట చివర పడే పేర్లని మాత్రం నమ్మకు. కొనామి వాళ్ల 1986 నాటి ‘కాసిల్‌వేనియా’లో సంగీతం జేమ్స్ బనానా అని పడుతుంది. డ్రాక్యులా సినిమాకి సంగీతం చేసిన జేమ్స్ బెర్నార్డ్ పేరుని అలా వెటకారం చేశారు. దర్శకుడి పేరూ అదే బాపతు. అసలు సంగీతం చేసింది కినుయో యమాషితా, సతోయే తెరాషిమా అనే ఇద్దరు ఆడపిల్లలు. మారుపేరు ఒకటుంది కదా, మనిషీ ఒక్కరే అనుకున్నావో, తెరాషిమా గల్లంతే! ఇలా ఒకరి పని ఇంకొకరి ఖాతాలో పడి, ఏళ్ల తరబడి అలాగే చెలామణీ అయిపోతుంది.

మంచి పనివాణ్ణి పక్క కంపెనీ ఎగరేసుకుపోతుందని యజమానుల భయం, అందుకే ఆ రోజుల్లో పేర్లు దాచేవాళ్లు. భయం ఉత్తిదేం కాదు. తకాషి నిషియామా ఐరెమ్ నుంచి క్యాప్‌కామ్‌కి వెళ్లి ‘స్ట్రీట్ ఫైటర్’ చేశాడు, అక్కణ్ణుంచి ఎస్‌ఎన్‌కేకి మారాడు, 2000లో సొంతంగా డింప్స్ పెట్టాడు. 1994లో తోఆప్లాన్ దివాలా తీస్తే దాని మనుషులు కేవ్, గజెల్, టకుమి అనే కంపెనీలంటూ తలో దిక్కూ పోయారు. క్యోటోలోని టోసే కంపెనీ అయితే వందల ఆటలు చేసి, చాలావాటి మీద తన పేరే వేసుకోలేదు. అందుకే బోర్డు మీది పేరు వదిలేసి, మనిషి వెంట వెళ్లు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. హోముక్యోకు అనే ప్రభుత్వాఫీసులో రుసుము కడితే కంపెనీ రిజిస్టరు నకలు ఎవరికైనా ఇస్తారు. మూసేసిన రిజిస్టర్లు ఉంచాల్సిన గడువు 20 ఏళ్లే, కాబట్టి ముందు ఆ పని చూడు. అందులో కంపెనీ అధిపతి ఇంటి చిరునామా కూడా ఉండొచ్చు. అది చూశాక నీ కాళ్లు నిలవవు, నాకు తెలుసు. ఆ తలుపు తట్టావో, మళ్లీ నా గడప తొక్కకు!

ఒసాకా ఆఫీసులో నా పక్క సీటాయన ఒకప్పుడు ఆటలు చేసినవాడే. ఓసారి మందు పార్టీలో ఓ కుర్రాడు ఏ ఆట, ఏ ఆట అని ప్రాణం తీశాడు. ఆయన నవ్వుతూనే లేచి కోటు తొడుక్కున్నాడు. మళ్లీ మా పార్టీలకి రాలేదు.

అలాంటివాళ్లకి ఉత్తరం రాయి. జవాబు రాకపోతే వదిలెయ్యి. పేరు బయటపెట్టొద్దంటే పెట్టకు, నీ పరిశోధన సగంలో ఆగినా సరే.

వేళకి తిను తల్లీ. డబ్బు తక్కువైతే మీ నాన్నని కాదు, నన్నడుగు.

మామయ్య