సమాధానం: కైండ్ ఆఫ్ బ్లూ మొదటి వైపుకి శృతి కలవకపోతే టర్న్‌టేబుల్ విప్పొద్దన్నా

తప్పు టర్న్‌టేబుల్‌ది కాదన్నా, రికార్డుదే. మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ కైండ్ ఆఫ్ బ్లూ పాత ఎల్పీలో మొదటి వైపు మూడు పాటలకీ నీ వయొలిన్ కలవడంలేదు, రెండో వైపుకి కలుస్తా ఉంది అన్నావు గదా, అదే గుర్తు. 1959 మార్చి 2న ఆ మూడూ తీసేటప్పుడు టేప్ మెషిన్ కొంచెం నిదానంగా తిరిగింది, అందుకే మామూలు స్పీడ్‌లో వేస్తే శృతి పైకి పోతాది. రెండో వైపు ఏప్రిల్ 22ది, అది సరిగ్గానే ఉండాది.

1. టర్న్‌టేబుల్ స్పీడ్ సర్దే పిచ్ స్క్రూ ముట్టుకోవద్దు, తిప్పితే మిగతా రికార్డులన్నీ చెడతాయి.

2. అనుమానం తీరాలంటే స్ట్రోబ్ డిస్క్, అంటే స్పీడ్ చూసే చుక్కల బిళ్ళ, పెట్టి చూడు; లైటు కింద తిరిగేటప్పుడు చుక్కలు కదలకుండా కనిపిస్తే స్పీడ్ సరిగ్గా ఉన్నట్టు. అందరూ తప్పేది ఇక్కడే: మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి 50 అని రాసిన చుక్కల వరసే చూడాల, 60ది కాదు. ఎల్‌ఈడీ కింద సరిగ్గా తెలీకపోవచ్చు, చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ కావాల, నేను తిరుపతి ఇంట్లో ప్లేయర్‌ని వంటింట్లోకి మోసుకుపోయి చూసినా, చుక్కలు అతికించినట్టు నిలబడినాయి.

3. ఈ ఆల్బమ్‌నే పాత టేపుల నుంచి మళ్ళీ తయారుచేసిన 1997 రీమాస్టర్ తీసుకో. అది ఆ రోజే సరైన స్పీడ్‌లో తిరిగిన రెండో మెషిన్ టేపు నుంచి చేసింది. మొదటి పాట సో వాట్ వేసి వయొలిన్ మీద డి స్వరం పట్టుకో, అందులో పాల్ చేంబర్స్ వాయించిన బేస్ నీ తీగ మీదికే వచ్చి కూర్చుంటాది.