గిన్నెల మీద ఎవరి పేరు?

అమ్మా, నా వయసు 37. విజయవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బిల్లింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను. మావారు ఆటోనగర్‌లో స్పేర్‌పార్టుల షాపులో మేనేజరు. ఇద్దరు పిల్లలు. సింగ్‌నగర్‌లో మామగారు కట్టించిన ఇల్లుంది, ఆయన పోయాక అత్తగారి పేరు మీదికి మారింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ముంచాక, ఆ దెబ్బకి భయపడి దాన్ని అద్దెకిచ్చేసి పటమటలో మూడో అంతస్తు ఫ్లాటులోకి మారాం. రెండే బెడ్రూములు.

అప్పట్నుంచీ అత్తగారికి కొనే పిచ్చి పట్టుకుంది. ఆవిడకి 64. మూడు కుక్కర్లు, డబ్బా విప్పని మిక్సీలు రెండు, మూతలున్న ప్లాస్టిక్ డ్రమ్ములు, దుప్పట్లు, స్టీలు డబ్బాలు. అటక నిండింది, దివాన్ కింద నిండింది, ఇప్పుడు బాల్కనీ. మా అబ్బాయి చదువుకునే టేబుల్ మీద గుండిగలు బోర్లించి ఉన్నాయి. సగం సామాను వాయిదాల మీద ఇచ్చే అతని దగ్గర తీసుకుంటుంది. వారానికి 350 చొప్పున ఇరవై వారాలు కట్టిన మిక్సీ బజార్లో నాలుగు వేలకే వస్తుంది. మిగతావి మావాడి చేత ఫోన్లో ఆర్డరు పెట్టిస్తుంది. పైగా గరిటెల మీద కూడా తన పేరే కొట్టిస్తుంది! వరదప్పుడు ఆవిడని గుంటూరులో మా ఆడపడుచు ఇంటికి పంపి, ఇల్లు కడిగించి, పాడైనవి ట్రాక్టరుకి ఎత్తించి, ఇత్తడి సామాను తూకానికి ఇచ్చేశాం. అంత చాకిరీ చేసినదాన్ని నేను. వచ్చే ఇంటద్దె పిల్లల ఫీజులకే చాలడం లేదు, ఈవిడ వాయిదాలు మావారు ఎక్కణ్ణుంచి తేవాలి? ఆయన్ని అడిగితే ‘మా అమ్మతో నువ్వే మాట్లాడుకో’ అంటారు. వచ్చే నెల ఆవిడ తిరుపతి, కాళహస్తి వెళ్తోంది. ఆ నాలుగు రోజుల్లో అక్కర్లేనివి ఎవరికైనా ఇచ్చేస్తే తప్పా?

– పేరు వద్దు, పటమట

తప్పే. ఆ ప్రశ్నని ఇక్కడితో వదిలేద్దాం. ఆవిడ ఊళ్లో లేనప్పుడు ఒకసారి ఇల్లు ఖాళీ చేసి చూశారు, దాని ఫలితం మీ బాల్కనీలో కనిపిస్తూనే ఉంది. రెండోసారి కూడా అదే పని చేస్తే డ్రమ్ములు రెట్టింపవుతాయి, ఈసారి వాటికి తాళాలు కూడా పడతాయి.

మీ ఉత్తరంలో కుక్కర్ల గురించి, మిక్సీల గురించి వివరంగా రాశారు. ఇత్తడి సామాను సంగతి మాత్రం సగం వాక్యంలో తేల్చేశారు. నేను అక్కడే ఆగిపోయాను. పరుపులు పాడవుతాయి, పప్పులూ ఉప్పులూ పాడవుతాయి, ఫ్రిజ్జు పాడవుతుంది. సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక వీధుల్లో ఆ సెప్టెంబరులో ఏ గడప ముందు చూసినా తడిసిన పరుపుల గుట్టలే. ఫైరింజన్లు వచ్చి ఇళ్లలో బురద కడగాల్సి వచ్చింది. ఆ వాసనలో, ఆ బురదలో మీరు పడ్డ కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ ఇత్తడి బిందె బురదలో పడితే పాడవుతుందా తల్లీ? కంచు చెంబు నీళ్లలో నానితే చెడిపోతుందా? చింతపండు, ఇంత ఉప్పు వేసి గట్టిగా తోమితే సాయంత్రానికి తళతళలాడతాయి. ఈ సంగతి మీకూ తెలుసు, మీ ఆయనకీ తెలుసు. తోమే ఓపిక లేక, పెట్టే చోటు లేక, తూకం వేసేవాడు వీధిలోకి వచ్చి నిలబడ్డాడు గనక ఇచ్చేశారు.

అవి ఎవరివి? మీరు రాయలేదు. ఆ వయసు ఆవిడ ఇంట్లో ఇత్తడి అంటే పుట్టింటివాళ్లు పెట్టిన సారె సామానే అయి ఉంటుంది. బిందె మెడ దగ్గర ఆవిడ తండ్రి పేరు, పెళ్లి తేదీ చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంటుంది. విజయవాడ నుంచి గుంటూరు ఎంత దూరం? అంత దూరమైనా వెళ్లక్కర్లేదు, ఫోనుంది. ‘అమ్మా, వీటిని ఏం చేయమంటావు’ అని అడగడం ఆ రోజు ఎవరికీ తోచలేదు. ఆవిడ తిరిగొచ్చేసరికి వంటింటి గోడకి మేకులు మాత్రం మిగిలాయి. ఇంతకీ తూకానికి ఎంతొచ్చింది, ఆ డబ్బు ఎవరి చేతికిచ్చారు? కింది వాటా మునిగిన ఇళ్లకి ప్రభుత్వం 25 వేలు ఇచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఏది ఆవిడని అడిగి కొన్నారు?

గరిటెల మీద తన పేరు కొట్టిస్తోందని ఆశ్చర్యపోతున్నారు. మన ఇళ్లలో గిన్నె మీద ఇచ్చినవాళ్ల పేరు ఉంటుంది, లేదంటే పుట్టిన పిల్లల పేరు ఉంటుంది. తన డబ్బాల మీద తన పేరే వేయించుకునే ఇల్లాలు అరుదు. పేరున్న వస్తువునైతే రేపు ఎవరూ తనని అడక్కుండా తూకానికి వేయరని ఆవిడ ఆశ అయి ఉంటుంది. దాన్ని మీరు పిచ్చి అంటున్నారు.

ఆవిడ కొన్న వస్తువుల జాబితా మళ్లీ ఒకసారి చదవండి. పట్టుచీరలు లేవు, బంగారం లేదు. మూత పెట్టే డ్రమ్ములు, పొడి దుప్పట్లు, వండుకోవడానికి కుక్కర్లు. వరద ఇంట్లో ఆ వారం ఏవి లేక అల్లాడారో అవే ఇవి. మూడో అంతస్తుకి నీళ్లు ఎందుకొస్తాయి అని మీరంటారు. సింగ్‌నగర్‌కీ రావనే కదా మీ మామగారు అక్కడ ఇల్లు కట్టించారు! అయినా అక్కర్లేనివి కొనడంలో ఆవిడ ఒంటరి కాదు. ఆషాఢం సేల్‌లో కొని, ఫాల్ కూడా కుట్టించకుండా బీరువాలో పడేసిన చీరలు లేని ఇల్లు బెజవాడలో ఎన్ని ఉంటాయి? వాటిని ఎవరూ రోగం అనరు. ముసలావిడ కొంటే రోగం.

ఇంతవరకూ చదివి నేను అత్తాకోడళ్ల తగువుకి తీర్పు చెబుతున్నాననుకుంటున్నారేమో. ఇది మీ ఇద్దరి తగువే కాదు. మీ ఆయనకీ వాళ్లమ్మకీ మధ్య చెడింది. మీరు మధ్యలో నిలబడి దెబ్బలు తింటున్నారు.

‘ఇంటద్దె ఫీజులకే చాలడం లేదు’ అన్నారు. ఎవరి ఇంటద్దె? ఇల్లు ఆవిడ పేరున ఉందని మీరే చెప్పారు. ఆ అద్దె మీ సంసారంలో కలిసిపోతోంది. ఆవిడేమో వారం వారం 350 రూపాయల కోసం కొడుకు ముందు నిలబడుతోంది. ఆయన విసుక్కుంటూ ఇవ్వడం, మీరు లెక్క చెప్పడం. తన ఇంటి మీద వచ్చే డబ్బే తనకి ఎవరో దయతలచి ఇస్తున్నట్టు పుచ్చుకోవాల్సి వస్తే ఆ మనిషికి ఎలా ఉంటుంది? మనవల ఫీజులకి ఇవ్వనని ఆవిడ అనదు, ఏ నానమ్మా అనదు. కానీ తన చేత్తో తీసి ఇచ్చే గౌరవం ఆవిడకి దక్కలేదు. తల్లిదండ్రులు పోషణ కోసం ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకునే చట్టం 2007లోనే వచ్చింది. మీ అత్తగారు కన్నకొడుకు మీద అర్జీ పెట్టే మనిషి కాదు. అందుకే కుక్కర్లు కొంటోంది.

‘మా అమ్మతో నువ్వే మాట్లాడుకో.’ మీ ఉత్తరం మొత్తంలో నాకు ఒళ్లు మండింది ఈ మాటకే. ఇది మన మగవాళ్లకి తరతరాలుగా అలవాటైన తప్పించుకునే దారి. కొడుకు మాట్లాడడు. కోడలు నోరు విప్పుతుంది. బంధువులంతా కోడలు గయ్యాళి అని తేలుస్తారు. రేపు ఆ ఇత్తడి అమ్మిన నింద కూడా మీ నెత్తినే పడుతుంది. మీ అత్తగారు గుంటూరు వెళ్లి కూతురి దగ్గర కళ్లొత్తుకునేది కొడుకుని తలచుకుని అనుకుంటున్నారా? మీ పేరే చెబుతుంది. చాకిరీ చేసి మాట పడే కోడలిగా ఎందుకుంటారు? తల్లితో మాట్లాడే పని ఆయనది, ఆయనకే అప్పజెప్పండి.

ఏం మాట్లాడాలో కూడా చెబుతాను. మీరూ పిల్లలూ పక్కన లేనప్పుడు వాళ్లమ్మ దగ్గర కూర్చుని, ‘ఆ రోజు నిన్ను అడక్కుండా ఇచ్చేశానమ్మా, తప్పయింది’ అనాలి. వరద హడావుడి, మున్సిపాలిటీ ట్రాక్టరు, చోటు లేకపోవడం, ఈ సంజాయిషీలేవీ వద్దు. ఆవిడ ఏడవచ్చు, తిట్టచ్చు. ఏమేం పోయాయో చెప్పమనాలి. చూడండి, ఏ బిందె ఎవరిచ్చారో, మరచెంబుకి సొట్ట ఎప్పుడు పడిందో, గంగాళంలో ఎవరి బారసాలకి నీళ్లు కాచారో ఒక్కటి మర్చిపోకుండా చెబుతుంది. పూర్తయ్యేదాకా ఆయన ఫోను చూడకుండా వినాలి. తర్వాత ఒక ఆదివారం వన్‌టౌన్‌కి తీసుకెళ్లి, ఆవిడకి నచ్చిన ఇత్తడి బిందె ఒకటి కొనిపెట్టాలి. కొనడం మాన్పించమంటే ఇంకోటి కొనమంటుందేంటి ఈవిడ అనుకోకండి. కొనిపెట్టమనే చెబుతున్నాను.

వచ్చే నెల నుంచి అద్దె నేరుగా అత్తగారి ఖాతాలో పడాలి. పాస్‌బుక్కూ ఏటీఎం కార్డూ ఆవిడ దగ్గరే ఉండాలి. ఫీజులకి ఎంత కావాలో మీ ఆయన అడగాలి, ఆవిడ ఇవ్వాలి. మీకు చేయి బిగుస్తుంది, నాకు తెలుసు. దానికి మీ ఇద్దరి జీతాల్లో సర్దుకోండి. వాయిదాల అతని బాకీ ఎంతుందో కూర్చుని తేల్చి, ఒకేసారి ఆవిడ చేత కట్టించేయండి. నాలుగు వేల మిక్సీకి ఏడు వేలు పోస్తున్నామని మీరు చెబితే ఆవిడకి దెప్పిపొడుపుగా ఉంటుంది. డబ్బు తనదైతే ఆ లెక్క ఆవిడే వేసుకుంటుంది. మామగారి రోజుల్లో ఇంటి ఖర్చు నడిపింది ఆవిడే కదా.

ఫోను విషయం మాత్రం మీ చేతిలో ఉంది. మీవాణ్ణి నానమ్మకి ఆర్డర్లు పెట్టొద్దని చెప్పండి. ‘ఇంకా రెండే ఉన్నాయి, పది నిమిషాల్లో ఆఫర్ అయిపోతుంది’ అని గడియారం తిప్పి తొందరపెట్టే మాయల మీద కేంద్రం 2023 నవంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. అయినా ఆ తెరల ముందు చదువుకున్నవాళ్లే నిలబడలేకపోతున్నారు, ఆవిడెంత?

పిల్లాడి టేబుల్ ఖాళీ కావాలి, అందులో రాజీ లేదు. అది ఆవిడకి చెప్పాల్సింది కూడా కొడుకే. బదులుగా ఆవిడ గదిలో ఒక బీరువా ఆవిడదే అనండి, తాళం ఆవిడకే ఇవ్వండి. డబ్బా విప్పని మిక్సీలు డబ్బాలోనే ఉండనివ్వండి. ఒకటి కూతురికి ఇస్తానని ఆవిడే అనే రోజు వస్తుంది. మీ ఇంట్లో అందరికీ ఆ మాత్రం ఓపిక ఉంటే.

ఇవన్నీ చేసి మూడు నాలుగు నెలలు గడిచాక కూడా అప్పులు చేసి కొంటున్నా, వాన పడితే రాత్రంతా లేచి కూర్చుంటున్నా, కొన్నవి దాచిపెడుతున్నా అప్పుడు మానసిక వైద్యుడికి చూపించాలి. మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. ఆ ఫోను కూడా మీ ఆయనే చేయాలి.

ఆయన ఇవేవీ చేయనంటే, తీరిక లేదంటే, ఆడవాళ్ల గొడవలు నాకెందుకంటే మీరు ఆవిడ సామాను జోలికి వెళ్లకండి. వాయిదాల డబ్బు అడిగినప్పుడు ఆవిడని ఆయన దగ్గరికే పంపండి. నాకు మళ్లీ ఉత్తరం రావాలంటే ఈసారి ఆయన్ని రాయమనండి.