.22 రైఫిల్‌కి ఏ తూటాలు కొనాలి? వేగం చూసి మాత్రం కొనొద్దు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కొత్తగా .22 తీసుకున్నావు, శని ఆదివారాలు రేంజ్‌లో 50 మీటర్ల ప్రాక్టీస్ చేస్తున్నావు, పొలం కడపలో గుట్టల పక్కనే కాబట్టి కుందేళ్లకీ కౌజు పిట్టలకీ కూడా పనికొచ్చేలా ఒకే రకం తూటాలు చెప్పమన్నావు. హై వెలాసిటీ (ఎక్కువ వేగంతో పోయే) హాలో పాయింట్ (గుండు ముక్కు దగ్గర గుంట ఉన్నవి) తీసుకుంటే రెండు పనులూ అయిపోతాయని ఎవరో చెప్పారట. నేను అనంతపురంలో ఉంటాను, పదకొండేళ్లుగా .22 కాలుస్తున్నాను, మొదట్లో నాకూ ఇదే సలహా ఇచ్చారు.

వేట సంగతి ముందు తేల్చేద్దాం. మన దేశంలో అది కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కుందేలైనా కౌజు పిట్టైనా కొడితే నేరమే, నీ సొంత పొలంలో కొట్టినా అంతే. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంటుంది. పైగా కోర్టు నీ ఆయుధ లైసెన్సు రద్దు చేసి ఐదేళ్లు మళ్లీ రాకుండా చేయొచ్చు, అంటే ఇంత తిరిగి తెచ్చుకున్న లైసెన్సు ఒక్క కుందేలుతో పోతుంది. ఇంకో మాట, ఆ లంకమల వైపు పొదల్లోనే కలివి కోడి ఉండేది, ప్రపంచంలో ఇక లేదనుకున్న పిట్ట 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ కనిపించింది. రాత్రి వేటకి వెళ్తే చీకట్లో టార్చి వెలుతురుకి కనిపించే కళ్లు ఏ జీవివో నీకు తెలియదు, దయచేసి ఆ ఆలోచన వదిలెయ్.

చట్టం పక్కన పెట్టినా మన నేల మీద .22 బయట కాల్చడం చాలా ప్రమాదం. చిన్న తూటా కదా అనుకుంటారు, కానీ అది కిలోమీటరు దాటి పోగలదు. సీసం గుండు బండకి ఏటవాలుగా తగిలితే ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. మా పెదనాన్నకి పంట కాపలా లైసెన్సు ఉన్న రోజుల్లో అడవి పందుల్ని బెదిరించడానికి గుట్ట వైపు కాలిస్తే గుండు బండకి తగిలి పక్కకి ఎగిరి మేక కాలు విరిగింది, ఆ మేకకి నాలుగు అడుగుల దూరంలో కాపరి కూర్చుని అన్నం తింటున్నాడు. పెదనాన్న మేక డబ్బులు ఇచ్చేసి, మరుసటి వారమే తుపాకీ తీసుకెళ్లి స్టేషన్‌లో అప్పగించేశారు. ఆ రోజు ఆయన చేతులు వణకడం నేను చూశాను.

హాలో పాయింట్ అసలు వేట కోసం చేసింది. అమెరికా లాంటి చోట్ల, వేటకి లైసెన్సులు ఇచ్చే దగ్గర, ఉడతలకీ కుందేళ్లకీ 36 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) హాలో పాయింట్ వాడతారు, ముక్కు దగ్గర గుంట ఉండటంతో ఒంట్లోకి దిగగానే విచ్చుకుని జంతువు త్వరగా చనిపోతుందని. కాగితం మీద ఆ గుంటతో నీకు పనే లేదు.

ఇప్పుడు అసలు విషయం. టార్గెట్‌కి 40 గ్రెయిన్ల, అంటే 2.6 గ్రాముల, గుండ్రటి ముక్కు సీసం గుండు ఉన్న స్టాండర్డ్ వెలాసిటీ తూటాలు తీసుకో. వాటి వేగం సెకనుకు సుమారు 325 మీటర్లు, ధ్వని వేగం కంటే తక్కువ. హై వెలాసిటీవి 380 దాకా పోతాయి. అవి ధ్వని వేగాన్ని మించి బయల్దేరి, సరిగ్గా 50 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి దాని కిందకి దిగుతాయి, ఆ దిగేటప్పుడు గుండు కుదురుగా ఉండదు. గాలికి కూడా వేగంగా పోయేదే ఎక్కువ పక్కకి జరుగుతుంది, ఇది చాలామంది నమ్మరు. వేగంగా పోతే గాలి తక్కువ పట్టాలి కదా అని నేనూ వాదించాను, కానీ ధ్వని వేగం దగ్గర గాలి అడ్డు బాగా పెరిగి గుండు తొందరగా వేగం కోల్పోతుంది. మన అనంతపురం గాలి సంగతి నీకు తెలుసు, గాలిమరలు ఊరికే పెట్టలేదు ఇక్కడ. నా మొదటి హై వెలాసిటీ డబ్బాతో పది తూటాలు కాలిస్తే గ్రూప్, అంటే రంధ్రాలన్నీ కలిపి పరుచుకున్న మేర, టీ గ్లాసు మూతి అంత వచ్చింది. నా చేయే బాగాలేదనుకుని నెల రోజులు టెన్షన్ పడ్డాను. రేంజ్‌లో ఒక పెద్దాయన తన స్టాండర్డ్ తూటాలు పది ఇచ్చారు, అదే రైఫిల్, అదే పొద్దు, రూపాయి బిళ్ల కింద దాగిపోయేంత గ్రూప్ వచ్చింది.

తూటాకీ తూటాకీ వేగంలో తేడా ఎంత తక్కువుంటే అంత మంచిది. సెకనుకు 10 మీటర్ల తేడా ఉంటే 50 మీటర్ల దగ్గర గుండు ఏడెనిమిది మిల్లీమీటర్లు పైకో కిందకో పోతుంది. 50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం అడ్డంగా 10.4 మిల్లీమీటర్లే. ఎలీ టెనెక్స్ లాంటి మ్యాచ్ తూటాలకి అంత ఖరీదు ఇందుకే. నీకు ఇప్పుడే అవి వద్దు. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీవి పొజిషన్, ట్రిగ్గర్ నేర్చుకోవడానికి సరిపోతాయి. స్కోరు నిలకడగా వచ్చాక ఎస్‌కే స్టాండర్డ్ ప్లస్ లాంటివి చూడు.

ఒకటి మాత్రం తప్పకుండా చెయ్యి. ఏ కంపెనీదైనా ముందు ఒక్క డబ్బానే తెచ్చి, కదలకుండా ఆనించే రెస్ట్ మీద రైఫిల్ పెట్టి, పదేసి తూటాల గ్రూపులు ఐదు కాల్చు. బ్యారెల్‌కి బ్యారెల్‌కి ఇష్టాలు వేరు, నా స్నేహితుడి రైఫిల్‌లో అద్భుతంగా పడేవి నా దాంట్లో చెల్లాచెదురుగా పడతాయి. కంపెనీ మార్చినప్పుడు మొదటి పదిహేను ఇరవై తూటాలు లెక్కలోకి తీసుకోకు, ఒక్కోదాని మైనం పూత ఒక్కో రకం, బ్యారెల్‌లో పాత పూత పోయి కొత్తది పట్టేదాకా గ్రూప్ కుదరదు. బాగా పడినవి దొరికితే డబ్బా మీద లాట్ (ఒకే విడతలో తయారైనవి) నంబర్ చూసి అదే లాట్‌వి, లైసెన్సు మీద రాసినన్నిటి వరకు, ఒకేసారి తీసుకో. అదే పేరు, వేరే లాట్ అంటే మళ్లీ మొదటి నుంచి పరీక్షించాల్సిందే.

తూటా వేళ్ల మధ్య తిప్పి చూడు, జిడ్డుగా అంటుకుంటుంది. ఆ జిడ్డుకి మన దుమ్ము ఇట్టే పట్టేస్తుంది, ఆ ఇసుక రేణువులు బ్యారెల్‌లోకి పోతాయి. అందుకే కింద పడిన తూటా నేను మళ్లీ వాడను, జేబులో వేసుకోను, డబ్బాలోంచి ఒక్కొక్కటే తీస్తాను. మే నెలలో కారులో వదిలేయొద్దు. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కునే అన్నం ముట్టు, అది సీసం.

.22లో పేలే మందు అంచు లోపల ఉంటుంది, చవక వాటిలో అది అంచంతా సమంగా పరుచుకోదు. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమని శబ్దం వచ్చి పేలకపోతే వెంటనే బోల్ట్ (తూటా వెనక మూసే గడి) తెరవొద్దు, రైఫిల్ మూతి టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగు. ఆలస్యంగా పేలేవి ఉంటాయి. నాకు ఒకసారి రెండు సెకన్ల తర్వాత పేలింది.

ఇంట్లో రోజూ సాధన కావాలంటే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్ కొనుక్కో, 20 జూల్స్ లోపుదైతే లైసెన్సు అక్కర్లేదు. చదును ముక్కు పెల్లెట్లు తీసుకో, కాగితం మీద రంధ్రం గుండ్రంగా తెగుతుంది. బిగింపు, ఊపిరి, ట్రిగ్గర్ అన్నీ అక్కడే నేర్చుకోవచ్చు.

నీ రైఫిల్ ఏ మోడలో రాయలేదు. ముందు స్టాండర్డ్ వెలాసిటీ రెండు రకాలు కాల్చి చూసి, టార్గెట్ కార్డుల ఫోటోలు పెట్టు, గ్రూప్ అడ్డంగా పరుచుకుందా నిలువుగానా అన్నది చూసి గాలిదా తూటాదా చెప్తాను.