పాఠకుల సందేహాలు: కంట్రీ బృందాల పాట, ప్రభావాలు, అభిమానులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో అమెరికా కంట్రీ సంగీతాన్ని గురించి అడిగినవి కొన్ని ఉన్నాయి. వాటిలో చాలా భాగం దక్షిణ ఒడిశా నుంచి, ఒకటి మహారాష్ట్రలోని సిరొంచ నుంచి వచ్చాయి. విషయం ఒకటే కనుక అన్నింటికీ ఒకేచోట జవాబిస్తున్నాము.

ప్రశ్న: మా ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కళాశాలలో హిందీ, ఇంగ్లీషు. కొంతకాలంగా కంట్రీ బృందాల పాటలు వింటున్నాను. ప్రతి బృందమూ తమపై ఫలానా గాయకుల ప్రభావం ఉందని చెప్పుకుంటుంది. అసలు ఈ సంగీతం ఎక్కడ పుట్టింది? ఇది ఒకే జాతివారి సంగీతమా? (విద్యార్థి, బరంపురం)

జవాబు: కాదు. ఒకే జాతి సొత్తు అన్న ప్రచారం చాలాకాలంగా ఉన్నప్పటికీ చరిత్ర దాన్ని సమర్థించదు. ఫిడేలు, దానితోపాటు పాత కథాగేయాలు ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండుల నుంచి వలస వచ్చి తూర్పు అమెరికాలోని అప్పలేచియన్ కొండల్లో స్థిరపడ్డవారి వెంట వచ్చాయి. కంట్రీ అనగానే గుర్తుకు వచ్చే బాంజో మాత్రం, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా జనం సొరకాయ బుర్రలకు తోలు బిగించి చేసుకున్న వాద్యం నుంచి పుట్టింది. వీటికి చర్చి కీర్తనలు, నల్లవారి బ్లూస్ అనే విషాద గానం, ఐరోపా కొండవాసుల యోడెల్ అనే గొంతు విరుపు తోడయ్యాయి.

మీరు సరిహద్దు జిల్లావారు కనుక ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కంట్రీ సంగీతానికి జన్మస్థలమని 1998లో అమెరికా కాంగ్రెసు గుర్తించిన బ్రిస్టల్ కూడా సరిహద్దు పట్టణమే. ఆ ఊరి ప్రధాన వీధికి ఒక పక్క టెనెసీ రాష్ట్రం, మరొక పక్క వర్జీనియా రాష్ట్రం. 1927 జులై చివర విక్టర్ రికార్డు కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అక్కడికి వచ్చి, టోపీల వర్తకుల భవనంలో యంత్రాలు అమర్చి, చుట్టుపక్కల పాడేవారిని రమ్మని కబురు పెట్టాడు. ఆగస్టు మొదటి వారం ముగిసేలోపే కార్టర్ కుటుంబం, రైల్వేలో బ్రేక్‌మన్‌గా పనిచేసిన జిమ్మీ రాడ్జర్స్ అక్కడ తమ తొలి రికార్డులు ఇచ్చారు. కార్టర్ కుటుంబమంటే ఎ. పి. కార్టర్, ఆయన భార్య సారా, మరదలు మేబెల్. అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండిన మేబెల్ బొటనవేలితో మందర తంత్రుల మీద పాట బాణీని పలికిస్తూ, మిగతా వేళ్లతో పై తంత్రుల మీద లయ నడిపేది. ఈనాటి కంట్రీ బృందాల్లో గిటారు పట్టినవారిలో ఆ పద్ధతికి ఋణపడనివారు అరుదు.

అయితే బృందాలు చెప్పే ప్రభావాల జాబితాలో రికార్డులు వచ్చినవారే కనిపిస్తారు, వారికి నేర్పినవారు కనిపించరు. ఎ. పి. కార్టర్ కొండపల్లెల వెంట తిరిగి పాటలు సేకరించేటప్పుడు ఆయనతో లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు కళాకారుడు వెళ్లేవాడు. కార్టర్ మాటలు కాగితం మీద రాసుకుంటే, రిడిల్ బాణీని మనసులో పట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. రికార్డు మీద మాత్రం అతని పేరు లేదు. పేరొందిన కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్‌కు చిన్నతనంలో గిటారు నేర్పిన రూఫస్ పేన్ అలబామా రాష్ట్రపు వీధుల్లో పాడుకున్న నల్లజాతివాడు. కంట్రీ సంగీతానికి కేంద్రమైన టెనెసీ నగరం నాష్‌విల్ నుంచి వచ్చే రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఓప్రీ తొలినాళ్లలో తన మౌత్ ఆర్గాన్‌తో శ్రోతలను కట్టిపడేసిన డిఫోర్డ్ బెయిలీని 1941లో తొలగించారు. ఆయన చనిపోయిన చాలా ఏళ్లకు, 2005లో గానీ కంట్రీ సంగీత కీర్తిమందిరంలో చోటు దక్కలేదు. ఏ బృందమైనా తమ ప్రభావాల గురించి చెప్పేటప్పుడు, ఆ పెద్దలకు నేర్పిందెవరన్న ప్రశ్న కూడా మనసులో ఉంచుకుని వినడం మంచిది.

ప్రశ్న: కంట్రీ పాటల వెనుక ఏడుస్తున్నట్లు సాగే గిటారు, మేము ఒకప్పుడు కటక్, కలకత్తా రేడియో కేంద్రాల నుంచి విన్న హవాయియన్ గిటారులా అనిపిస్తుంది. రెండూ ఒకటేనా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి)

జవాబు: మాస్టారూ, మీ చెవి సరిగానే పట్టింది. రెండూ ఒక తల్లి బిడ్డలే. పంతొమ్మిదో శతాబ్దం చివర హవాయి దీవుల్లో గిటారును ఒడిలో పెట్టుకుని తంత్రుల మీద ఇనుప కడ్డీని జార్చి వాయించే పద్ధతి మొదలయింది. జోసెఫ్ కెకూకూ దానికి ఆద్యుడని చెబుతారు. 1915లో సాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శన తర్వాత అది అమెరికా అంతటా పాకింది. జిమ్మీ రాడ్జర్స్ రికార్డుల్లోనే అది వినబడుతుంది. తర్వాత నాష్‌విల్ వాద్యకారులు దానికి కాళ్లు తగిలించి, 1950లలో పెడళ్లను వాడుకలోకి తెచ్చారు. పెడల్ తొక్కితే మిగతా తంత్రులు ఉన్నచోటనే మోగుతుండగా ఒకటి రెండు తంత్రులు మాత్రం పై స్వరానికి జారుతాయి. మీరు ఏడుపు అన్నది ఆ జారునే.

అదే వాద్యం మరో దారిలో మన దేశానికి వచ్చింది. హవాయి సంగీతకారుడు టావ్ మో 1940లలో కలకత్తాలో ఉండి వాయించాడు, నేర్పాడు. బెంగాలీ, ఒడియా లలిత గీతాలకు ఆ గిటారు ఎంతగా నప్పిందో మీకు తెలిసినదే. బ్రిజ్‌భూషణ్ కాబ్రా దాని మీద హిందుస్థానీ రాగాలు పలికించాడు. విశ్వమోహన్ భట్ దానికి అదనపు తంత్రులు చేర్చి మోహన వీణగా మలిచి, అమెరికా గిటారు విద్వాంసుడు రై కూడర్‌తో కలిసి చేసిన ఆల్బమ్‌కు 1994లో గ్రామీ పురస్కారం అందుకున్నాడు.

ప్రశ్న: కంట్రీ పాటలన్నీ మూడే మూడు కార్డ్‌ల మీద నడుస్తాయట. రాగ సంగీతం విన్న చెవికి ఇది పేదగా తోచదా? (పాఠకురాలు, సిరొంచ)

జవాబు: అందులో రాగాలాపన వెతికితే తప్పకుండా తోస్తుంది. షడ్జమం, మధ్యమం, పంచమం ఆధారంగా కట్టిన మూడు కార్డ్‌లతో, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తులతో, వేలాది పాటలు నడుస్తాయన్నది నిజం. అక్కడ శ్రోత దృష్టి కథ మీద ఉంటుంది కనుక, బాణీ కథకు అడ్డురాకుండా ఉండటమే గొప్పగా ఎంచుతారు. మన బుర్రకథలోనూ వరస ఒక్కటే గంటసేపు నడుస్తుంది, ఎవరూ దాన్ని పేదదనరు. నాష్‌విల్ వాద్యకారులు కార్డ్‌లకు పేర్లు కాక ఒకటి, నాలుగు, అయిదు అని అంకెలు రాసుకుంటారు. గాయని గొంతు బాగాలేక శ్రుతి తగ్గించమన్నా కాగితం మార్చనక్కరలేదు. శ్రుతి ఏదైనా స, మ, ప అంటూ పాడుకునే మనకు ఈ ఏర్పాటు కొత్తగా తోచదు.

ప్రశ్న: మేము నలుగురం కలిసి బృందం పెట్టుకున్నాము. ఒకరు గిటారు, ఒకరు కీబోర్డు, ఒకరు డప్పు వాయిస్తారు, నేను పాడతాను. కంట్రీ బృందాలు పాట ఎలా రాస్తాయి? మా తెలుగులో ఒడియా మాటలు కలుస్తాయని మిత్రులు వెక్కిరిస్తారు. ఏ భాషలో రాయాలి? (ప్రయివేటు ఉద్యోగి, రాయగడ)

జవాబు: నాష్‌విల్‌లో పాట రాయడం ఆఫీసు పనిలా సాగుతుంది. ఇద్దరు ముగ్గురు ముందుగా సమయం అనుకుని ఉదయాన్నే ఒక గదిలో కూర్చుంటారు, సాయంత్రానికి పాట పూర్తిచేసి లేస్తారు. ఎవరు ఎన్ని పంక్తులు ఇచ్చారన్న లెక్క లేకుండా గదిలో ఉన్నవారందరికీ సమాన వాటా రాసుకోవడం అక్కడ సాధారణంగా పాటించే మర్యాద. మన సినిమా పాటలా బాణీ ముందు, మాట తర్వాత అన్న వరుస అక్కడ తప్పనిసరి కాదు. చాలాసార్లు ఒకే ఒక్క పంక్తి, అంటే మన పల్లవి ఎత్తుగడ వంటిది, ముందుగా దొరుకుతుంది. చరణం మారినప్పుడల్లా అదే పంక్తి కొత్త అర్థంతో వినబడేలా కథ అల్లుతారు.

ఉదాహరణకు “తలుపు గడియ పెట్టలేదు” అన్న పంక్తి తీసుకోండి. మొదటి చరణంలో గంజాం జిల్లా పల్లెలో ఒక తల్లి, సూరత్ మగ్గాల పనికి పోయిన కొడుకు ఏ రాత్రి రైలు దిగి వస్తాడోనని గడియ పెట్టలేదు. రెండో చరణంలో కొడుకు సూరత్‌లోని ఇరుకు గదిలో ఉన్నాడు. పగటి షిఫ్టువాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టువాడు పడుకునే గది కనుక అక్కడా తలుపుకు గడియ పడదు. మూడో చరణంలో కొడుకు వచ్చేసరికి ఇల్లు ఖాళీ. గడియ పెట్టవలసిన మనిషే లేదు. పంక్తిలో ఒక్క అక్షరం మారలేదు, కథ మాత్రం నడిచింది. కంట్రీ పాటలో పనితనమంతా ఇక్కడే ఉంది. తాగుడు, లారీలు, గుర్రాలు అన్నవి పై వేషం మాత్రమే, వాటిని అనుకరిస్తే మీకు మిగిలేది టోపీ.

భాష సంగతికి వస్తే, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాయండి, అందులో ఒడియా మాట సహజంగా పడితే పడనివ్వండి. కంట్రీ గాయకులు ఊరి యాసను గర్వంగా నిలుపుకున్నారు, అది వారి పాటకు చిరునామా అయింది. మజ్జిగౌరమ్మ గుడి దారి, కాగితపు మిల్లు వాసన, విశాఖ వైపు వెళ్లే రైలు మీ పాటలో ఉంటే, విజయవాడవారికి కొంత అర్థం కాకపోయినా నష్టం లేదు. డప్పును మాత్రం కీబోర్డు చప్పుడులో ముంచకండి. కొరాపుట్ వైపు థింసా ఆటకు మోరి, తుడుము, డప్పు ఎలా పంచుకుని వాయిస్తారో ఒకసారి దగ్గరగా వినండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో వారి పేరు వేదిక మీద చెప్పండి.

మరొక మాట. పాట పుట్టిన రోజే రాసినవారందరి పేర్లూ ఒక కాగితం మీద వేసి సంతకాలు చేసుకోండి. 1927లో జిమ్మీ రాడ్జర్స్ బ్రిస్టల్‌కు ఒంటరిగా రాలేదు, అతనికి ఒక బృందం ఉంది. రికార్డు మీద పేరు ఎలా వేయాలన్న తగువుతో రికార్డింగుకు ముందే విడిపోయి ఎవరి పాటలు వారు పాడారు. రెండు రాష్ట్రాల పేర్లు కలిపి టెనెవా రాంబ్లర్స్ అని పెట్టుకున్న ఆ మిగతావారిని ఈనాడు చరిత్రకారులు తప్ప ఎవరూ తలచుకోరు.

ప్రశ్న: కంట్రీ కళాకారులు అభిమానులకు అంత దగ్గరగా ఎలా ఉండగలుగుతారు? మా జాతర ఆర్కెస్ట్రాకు ఆ రాత్రి చప్పట్లే తప్ప తర్వాత పలకరించేవారు లేరు. (ఆర్కెస్ట్రా నిర్వాహకుడు, గుణుపురం)

జవాబు: అలబామా అనే బృందం మీ ప్రశ్నకు మంచి సమాధానం. ఫోర్ట్ పేన్ అనే చిన్న ఊరి నుంచి వచ్చిన దాయాదులు 1973 నుంచి కొన్ని వేసవులపాటు మర్టిల్ బీచ్ అనే సముద్రతీర పట్టణంలో ఒక బారులో పాడారు. వచ్చినవారు అడిగిన పాటలు పాడటం, వారు వేసిన డబ్బులతో గడపడం, ఇదీ వారి బతుకు. మన వైపు నాటకానికో బుర్రకథకో వచ్చినవారు చదివింపులు ఇస్తే పేరు చదివి దీవించడం వంటిదే ఇది. 1980లో ఆర్‌సీఏ రికార్డు కంపెనీతో ఒప్పందం కుదిరేనాటికి జనం ఏ పాటకు లేస్తారో, ఏ పాటకు నీళ్ల గ్లాసు కోసం చూస్తారో వారికి కంఠతా వచ్చేసింది. ఆ తర్వాత కూడా సొంత ఊరిలో ఏటా జూన్‌లో కచేరీ పెట్టి, వచ్చిన సొమ్ము సేవా కార్యక్రమాలకు ఇచ్చేవారు.

సంస్థాగతంగా కూడా ఏర్పాట్లున్నాయి. 1972లో నాష్‌విల్‌లో అభిమానుల కోసమే ఫ్యాన్ ఫెయిర్ అనే సంత మొదలయింది. కళాకారులు బల్లల వెనుక కూర్చుని సంతకాలు చేస్తారు, క్షేమం అడుగుతారు. 1996లో కంట్రీ గాయకుడు గార్త్ బ్రూక్స్ ముందుగా చెప్పకుండా వచ్చి ఇరవైమూడు గంటలు ఏకబిగిన సంతకాలు చేసిన సంగతి అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. గాయని లొరెట్టా లిన్ అభిమాన సంఘాన్ని 1960లలో కొలరాడోకు చెందిన ముగ్గురు అక్కచెల్లెళ్లు నడిపి, ఉత్తరాలతో దేశమంతటి శ్రోతలను ఆమెకు చేరువ చేశారు.

మీకు అంత హంగు అవసరం లేదు. ఫోన్లో లైకులు లెక్కపెట్టడం కంటే, జాతరలో చీటీ పంపి పాట అడిగినవారి పేరు, ఊరు ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం మేలని మా అభిప్రాయం. మరుసటి ఏడు అదే ఊరికి వెళ్లినప్పుడు “పోయినసారి ఈ పాట అడిగిన అమ్మగారు వచ్చారా” అని మైకులో అడిగి చూడండి. కార్యక్రమం అయ్యాక సామాను సర్దే పని ఇద్దరికి వదిలి, పాడినవారు కిందికి దిగి కాసేపు నిలబడాలి. ఇక సొంత పాట వినిపించాలన్న కోరిక ఉంటే, జనం అడిగిన తొమ్మిది పాటల మధ్య మీది ఒకటి పెట్టండి, అదీ ఆరో పాటగా. మొదట్లో జనం ఇంకా కూర్చోలేదు, చివర్లో అప్పటికే చెప్పులు వెతుక్కుంటుంటారు.